గోనెలు రాలేదు

నాలుగో రోజు కూడా గోనెలు రాలేదు.
ఆ మాట నా నోటితో నేనే
పొద్దుట్నుంచి నలభైసార్లు చెప్పాను.
కేంద్రం గోడ మీద మద్దతు ధర రాసి ఉంది,
పసుపు మీద ఎర్ర రంగు.
దాని కింద టోకెన్ల వరస.
వరస కింద నీడ లేదు.

లెంక తవిటమ్మ
కొంగు ముడి విప్పి గుప్పెడు ధాన్యం
నా బల్ల మీద పోసింది.
మిషన్‌లో వేశాను. పద్దెనిమిది పాయింట్ రెండు.
పదిహేడుకి దిగాలి అన్నాను.
ఒక గింజ తీసి పంటి కింద పెట్టింది.
పటుక్కుమంది.
"ఆరిపోనాది బాబూ.
సెమ్మ పట్టింది నీ మిషన్‌కి."

చీపురుపల్లికి ఫోన్ చేశాను.
గోనెలున్నాయి, లారీ లేదు అన్నారు.
మిల్లుకి చేశాను.
లారీ ఉంది, పాత గోనెలే,
వందకి ముప్పై చిల్లులన్నారు.
"ఏ ఊరి గోనెలు బాబూ అవి?"
మూలనున్న ఒక ఖాళీ సంచి తిరగేసి
ముద్ర చదివాను. కలకత్తా.

తవిటమ్మ నవ్వడం అప్పుడే చూశాను.

ఈ మెరకలన్నీ గోగేనట.
మొలలోతు కుళ్ళునీళ్ళలో నిలబడి
కట్ట విప్పి, మొదలు నలగ్గొట్టి,
నార తీసి జాడించి జాడించి
చేతుల మీద గీతలే పోయాయట.
(నా వేలిముద్ర యంత్రం
ఆమెను మూడుసార్లు కాదంది.
ఎందుకో ఇప్పుడు తెలిసింది.)
ఆ కంపుకి కుక్క కూడా దగ్గరికి రాదట.
"మా ఆయినా ఆ కంపే.
అందికే కాపరం సాగింది."
నార బళ్ళ మీద రాజాం వెళ్ళేది.
మిల్లు మూశారు, తెరిచారు,
మళ్ళీ మూశారు.
"నారకీ రేటు రాసీవోరు గోడ మీద.
గోడ కొంటాదా బాబూ?"

నాది అగ్రికల్చర్ డిప్లొమా.
గోగు గురించి రెండు పేజీలు చదివాను.
పచ్చట్లో తప్ప ఎక్కడా చూడలేదు.

రిజిస్టర్ తెరిచాను.
రైతు పేరు అన్నచోట
విశాఖపట్నం డాక్టరు గారు.
పంట రుణం ఆయన పేర,
పెట్టుబడి సాయం ఆయన ఖాతాకి.
కౌలు కార్డు మీద సంతకం అడిగితే
వచ్చే ఏడు చూద్దాం అంటారట.
అలా వచ్చిన ఏళ్ళు ఆరు.
తవిటమ్మ అప్పు గరివిడి ఎరువుల కొట్లో,
నూటికి మూడు,
పంట అక్కడే వేస్తానన్న మాట మీద.
ఆ మాట తప్పి ఇక్కడికొచ్చింది,
గోడ మీది అంకె చూసి.

ఆమె పేరు రాయడానికి గడి వెతికాను.
చివర్న, రిమార్కులు అన్నచోట
కాస్త ఖాళీ ఉంది.
తవిటమ్మ అంటే ఏమిటి అని అడిగాను,
రాస్తూ, ఊరికే.

"మా యమ్మకి నాకంటే ముందు ముగ్గురు
పురిట్లోనే పోనారు.
నన్ను సేటలో ఏసి పొరుగింటామె సేతికిచ్చి
సోలెడు తవుడుకి అమ్మీసినట్టు అమ్మి
మళ్ళీ తెచ్చుకున్నారు.
సావు మోసపోవాలని.
పుట్టిన్నాడే ధర కట్టీసినారు నాకు.
తేమ సూడ్నేదు, తరుగు తియ్యనేదు,
డబ్బులు బేంకీలో పడతాయి
ఆగమన్నేదు."

వరసలో ఎవరో గట్టిగా నవ్వారు.
వెంటనే ఆపేశారు.

బొండపల్లి వైపు మబ్బు కమ్ముతోంది.
కళ్ళంలో ఆమె రాశి మీద
యూరియా సంచులు కలిపి కుట్టిన పట్టా,
పైన నాలుగు రాళ్ళు.
పదిహేడు అని రాశాను.
మిల్లువాడు ఎలాగూ
పంతొమ్మిది అంటాడు, బస్తాకి మూడు కిలోలు కోస్తాడు.
అది నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

"గోనెలు?"
"రేపు."

బల్ల మీది ధాన్యం
అరచేత్తో కొంగులోకి ఊడ్చుకుంది.
రెండడుగులు వేసి వెనక్కొచ్చింది.
"ఆ మిషనోపాలి బోర్లించు నాయినా,
నాలుగు గింజలుండిపోనాయి."